మా తాతయ్య ఫుట్‌బాల్ క్లబ్ పేరు ఎవరికైనా తెలుసా?

నమస్కారం అండీ. మేం బెంగళూరులో ఉంటాం. మా తాతయ్య కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ గనిలో పని చేస్తూ, సాయంత్రాలు అక్కడి లైన్ల (గని కార్మికుల ఇళ్ల వరసల) కుర్రాళ్లతో కలిసి ఫుట్‌బాల్ ఆడేవారు. మిగిలింది ఒక్క ఫొటో. పదకొండు మందిలో ఎవరికీ బూట్లు లేవు, చీలమండలకు గుడ్డ పట్టీలు చుట్టుకున్నారు. బంతి మీద సుద్దతో 1951 అని రాసుంది. క్లబ్ పేరున్న మూల మాత్రం చెదలు తినేసింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద గోల్ కొట్టిన మన బెంగళూరు సారంగపాణి రామన్ జట్టులోనూ చాలామంది వట్టి కాళ్లతోనే ఆడారు కదా, అదే కాలం.

2001లో గనులు మూతపడ్డాక చాలా కుటుంబాలు ఇక్కడికే వచ్చేశాయి. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఆ గ్రౌండ్లలో ఆడారా? అప్పటి మ్యాచ్ వార్తలున్న పాత పేపర్లు ఇక్కడ ఎక్కడ చూడనిస్తారు? అమ్మమ్మకి తొంభై దాటాయి. తను ఉతికి ఆరేసిన జెర్సీల రంగు గుర్తుంది గానీ పేరు గుర్తు రావట్లేదు. అది కనుక్కుని ఆవిడకి వినిపించాలని ఉంది.