రోమ్ టెర్మినీ స్టేషన్లో మెట్రో బీ (B) లైన్ నుంచి ఏ (A) లైన్‌కి మారేదెట్టా?

కావలి కుర్రోడు:
అన్నలూ, అమ్మానాన్న వచ్చే నెల అక్క దగ్గరికి రోమ్ పోతున్నారు. ఇల్లు పోలిక్లీనికో స్టేషన్ పక్కనే. అక్క క్లాసుకి పోయిన రోజు ఇద్దరే వాటికన్ చూసి రావాల. మధ్యలో టెర్మినీలో రైలు మారాలంట. నాన్నకి మోకాళ్ల నొప్పి. టికెట్ ఒకటి చాలా, రెండు తీసుకోవాల్నా?

ఒంగోలు రమణ:
పోయేదానికి మనిషికొకటి చాలు తమ్ముడూ. 1.50 యూరోల టికెట్, గేటులో పెట్టినప్పట్నుంచి 100 నిమిషాలు. అయితే దాంతో మెట్రోలోకి ఒక్కసారే పోనిస్తారు. టెర్మినీలో గేటు దాటి బయటికొచ్చారా, టైమున్నా మళ్లీ తెరుచుకోదు. నెల్లూరు స్టేషన్లో మాదిరి బయటికొచ్చి టీ తాగి మళ్లీ లోపలికి పోదామంటే కుదరదు. పైన పెద్ద రైల్వే స్టేషనుంది గదా, జనం చాలామంది అటే పోతుంటారు, వాళ్ల వెనకాల పోతే పోయినట్టే. యు అక్షరంతో మొదలయ్యే ఉషీతా బోర్డు బయటికి దారి. దాన్ని వదిలేసి ఆరెంజ్ రంగు A బోర్డులనే పట్టుకుని నడవమను.

గూడూరు లక్ష్మి:
ఈ పేర్లు కాగితం మీద రాసివ్వు. పోలిక్లీనికోలో లౌరెంతీనా వైపు రైలు, రెండో స్టాపు టెర్మినీ. అక్కడ A లైన్లో బాత్తిస్తీని వైపు, ఆరో స్టాపు ఒత్తావియానో. వాటికన్‌కి అక్కడే దిగాల. వచ్చేటప్పుడు కొత్త టికెట్లతో అనాన్యీనా వైపు ఎక్కి టెర్మినీలో దిగాల. అక్కణ్ణించి బీ లైన్ రైలు మీద రెబిబ్బియా అనున్నా, యోనియో అనున్నా ఎక్కేయొచ్చు. ఆ రెండూ విడిపోయేది బొలోన్యాలో, పోలిక్లీనికో దానికి ముందే వస్తుంది.

టికెట్ బదులు బ్యాంకు కార్డు ట్యాప్ చేసేటట్టయితే ఎవరి కార్డు వాళ్లకుండాల. ఫోన్లో ఉన్నదీ చేతిలో ఉన్నదీ ఒకే కార్డైనా మిషన్ వేర్వేరుగానే లెక్కేస్తుంది.

ఒంగోలు రమణ:
మోకాళ్ల సంగతి మర్చిపోయా. లిఫ్టులు, ఎస్కలేటర్లు ఆగిపోతుంటాయి. బయల్దేరేముందు మెట్రో వాళ్ల సైట్లో ఏవి పనిచేస్తున్నాయో అక్కని చూడమను. A లైన్ వైపువి ఆగిపోయుంటే టెర్మినీలో పైకొచ్చేసి, ముందున్న చింక్వెచెంతో మైదానంలో వాటికన్ వైపు పోయే 64 నంబరు బస్సెక్కమను. మెట్రో దిగాక బస్సుకి అదే టికెట్ చెల్లుతుంది, 100 నిమిషాల్లోపయితే. బస్సు బయల్దేరేదే అక్కడ కాబట్టి నాన్నకి సీటు దొరకడం తేలిక. జేబుదొంగలు మాత్రం ఆ బస్సులోనూ ఉంటారు, టెర్మినీ ప్లాట్‌ఫాం మీదా ఉంటారు. మెట్రోలో తలుపులు మూసుకునే క్షణంలో లాక్కుని దిగిపోతారు, తలుపు పక్కన నిలబడొద్దను.