ఏడేళ్ల పిల్లాడు, లేజీ ఐ, ఇంట్లో వీఆర్ హెడ్‌సెట్: ఇవ్వొచ్చా, వద్దా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)
సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా బావమరిది క్వెస్ట్ 2 అని ఒక వీఆర్ హెడ్‌సెట్, అదే కళ్లకి కట్టుకుని చుట్టూ బొమ్మ చూసేది, ఇచ్చి వెళ్లాడు. ఆ రోజు నుంచి ఇంట్లో గొడవే. మావాడు రెండో తరగతి. కుడి కంటికి ప్లస్ పవర్ బాగా ఎక్కువ, ఆ కంటిని మెదడు వాడుకోవడం మానేసింది, దీన్ని లేజీ ఐ అంటారని డాక్టరు గారు చెప్పారు. కళ్లజోడు ఇచ్చి, బాగున్న ఎడమ కన్ను మూసేలా రోజూ రెండు గంటలు ప్యాచ్ వేయమన్నారు. ప్యాచ్ టైమయ్యేసరికి వాడు మంచం కింద దూరతాడు.

బావమరిదేమో "అక్కడ లేజీ ఐకి హెడ్‌సెట్‌తోనే వైద్యం చేస్తున్నారు బావా, ప్యాచ్ పాతకాలం పద్ధతి" అంటాడు. మా ఆవిడ "ఉన్న ఒక్క మంచి కన్నూ పోగొడతారా" అని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. శుక్లాల ఆపరేషన్ అయిన మా అమ్మ మాత్రం ఒక మధ్యాహ్నం ఆ తాళం తీయించుకుని కాశీ ఘాట్లన్నీ చూసేసింది, చాలా స్పష్టంగా ఉందట. నాకు మైనస్ నాలుగు, పైన చత్వారం. నేను పెట్టుకుంటే అంతా మసక. ఇంతకీ పిల్లాడికి ఇవ్వొచ్చా?

మైనస్ ఆరున్నర (విజయనగరం)
ఇవ్వు అన్నా, ఏం కాదు. నేను మూడేళ్లుగా ఆడుతున్నా, నా పవర్ కదల్లేదు. కళ్లు పోతాయన్న మాట మన చిన్నప్పుడు టీవీకి చెప్పేవారు, తర్వాత ఫోనుకి చెప్పారు, ఇప్పుడు దీనికి.

నీ మసక సంగతి చెప్తా. స్క్రీన్ కంటికి ఆనుకుని ఉన్నట్టే ఉంటుంది గాని, మధ్యలో ఉన్న లెన్సు ఆ బొమ్మని దూరంగా నెడుతుంది. చాలా హెడ్‌సెట్లలో ఆ దూరం 1.3 నుంచి 2 మీటర్ల మధ్య ఉంటుంది. అంటే మైనస్ ముప్పావు ఉన్నవాడికి జోడు లేకపోయినా దాదాపు సరిపోతుంది, నీకూ నాకూ కుదరదు. చత్వారం అద్దాలతో మాత్రం పని లేదు. లోపల పేపరు ముక్కు దగ్గర పెట్టుకుని చదివినా కంటికి అది మీటరు అవతలిదే. అమ్మగారికి లోపల వేసిన లెన్సు దూరానికి సెట్ చేసి ఉంటారు, అందుకే కాశీ కనిపించింది. నువ్వు ప్రోగ్రెసివ్ అద్దాలు పెట్టుకుని ఉంటావు, వాటి కింది భాగం దగ్గర చూపుకి కదా, అదే ముంచింది. దూరం పవర్ మాత్రమే ఉన్న పాత జోడు ఉంటే వెతుకు. పెట్టెలో స్పేసర్ అని ఒక ప్లాస్టిక్ చట్రం ఉంటుంది, అది బిగించకుండా జోడుతో పెట్టకు. జోడు రాసుకుని హెడ్‌సెట్ లెన్సు మీద గీతలు పడతాయి. నా మొదటిది అలాగే పాడైంది.

సుద్దముక్క (ఆమదాలవలస)
తమ్ముడూ, నీ కళ్లు ఎదిగిపోయిన కళ్లు. అడిగింది ఏడేళ్ల పిల్లాడి గురించి. తయారుచేసిన కంపెనీయే పదేళ్ల లోపు వాళ్లకి వద్దంటోంది. అది కూడా 2023లో తగ్గించిన వయసు, అంతకుముందు 13. అమ్ముకునేవాడే వద్దన్నది మనం ఎందుకివ్వాలి?

నేను ప్రభుత్వ బడిలో మాస్టర్ని. 2019 అక్టోబరు 10న కంటి వెలుగు మొదలైనప్పుడు ముందుగా బడి పిల్లలకే పరీక్షలు చేశారు. మా ఐదో తరగతిలో ఒక పాప, ఎప్పుడూ ముందు బెంచీ, మంచి మార్కులు. ఒక కన్ను మూసి చార్టు చదవమంటే పెద్ద అక్షరం తర్వాత ఆగిపోయింది. ఆ కన్ను కనపడదని ఆ పాపకే తెలీదు! రెండో కన్ను అంత బాగా నెట్టుకొచ్చింది. జోడు ఇస్తే వారం పెట్టుకుంది, 'సోడాబుడ్డి' అన్నారని తీసేసింది. తర్వాత వాళ్ల అమ్మని పిలిపించి మాట్లాడటానికి నాకు నెల పట్టింది. ఇదీ మన దగ్గర లేజీ ఐ పరిస్థితి. ఇక్కడ హెడ్‌సెట్ వైద్యం గురించి మాట్లాడుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు. ప్యాచ్ ఖరీదెంత? కొన్ని రూపాయలు.

టార్చిలైటు (రాజాం)
ఆప్టోమెట్రిస్టుని, అంటే చూపు పరీక్షించి జోడు రాసేవాణ్ణి. బావమరిది గారు విన్నది అబద్ధం కాదు, సగమే విన్నారు.

లూమినోపియా అనే ఒక చికిత్సకి అమెరికాలో 2021 అక్టోబరులో ఎఫ్‌డీఏ (అక్కడ మందులకీ వైద్య పరికరాలకీ అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ) అనుమతి వచ్చింది, నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలకి. పిల్లాడు హెడ్‌సెట్‌లో కార్టూన్లు చూస్తాడు, రోజుకి గంట, వారానికి ఆరు రోజులు. అయితే ఆ బొమ్మ మామూలు బొమ్మ కాదు. బాగున్న కంటికి కాంట్రాస్ట్, అంటే వెలుగునీడల తేడా, తగ్గించి చూపిస్తారు. బొమ్మలో కొన్ని ముక్కలు ఒక కంటికే, మిగతావి రెండో కంటికే కనిపిస్తాయి. రెండూ కలిపితే గాని కథ అర్థం కాదు, కాబట్టి బద్ధకించిన కంటిని మెదడు పిలవక తప్పదు. పన్నెండు వారాల పరీక్షలో ఈ పిల్లలు చార్టు మీద సగటున 1.8 వరుసలు మెరుగయ్యారు, ఒట్టి కళ్లజోడుతో ఉన్నవాళ్లు 0.8.

మీ బీరువాలో ఉన్న హెడ్‌సెట్‌లో ఆ ఏర్పాటు లేదు. అందులో మామూలు ఆట ఆడితే మీవాడు హాయిగా ఎడమ కంటితోనే ఆడేస్తాడు. అంటే ప్యాచ్ ఏ కంటినైతే ఆపుతోందో దానికే ఇంకో గంట పని దొరుకుతుంది. నా భయం కన్ను పోతుందని కాదు, ప్యాచ్ టైము పోతుందని.

ఇంకొకటి, కొలత. క్వెస్ట్ 2లో కంటిపాపల మధ్య దూరానికి 58, 63, 68 మిల్లీమీటర్లు అని మూడే సెట్టింగులు. ఏడేళ్ల పిల్లాడికి సాధారణంగా 58 కూడా ఉండదు. పెద్ద చెప్పుల్లో చిన్న కాలు పెట్టి పరుగెత్తించినట్టు.

ఒక విషయంలో మాత్రం హెడ్‌సెట్‌కి మంచి మార్కే వేస్తాను. అందరికీ లోతుగా కనిపించేది మీకు చదునుగా ఉంటే, లేదా ఐదు నిమిషాలకే తలనొప్పి వస్తే, పరీక్ష చేయించుకోండి. దాగి ఉన్న మెల్ల, లేజీ ఐ అలా బయటపడతాయి.

ఎడమవైపే (చీపురుపల్లి)
కర్రాబిళ్ల తగిలి ఎనిమిదో ఏట కుడి కన్ను పోయినవాణ్ణి. "ఒక కన్ను ఉన్నవాళ్లకి వీఆర్ దండగ" అని అందరూ అంటే నమ్మి చాలాకాలం ముట్టుకోలేదు. స్నేహితుడి దగ్గర పెట్టుకుని చూస్తే లోతు తెలిసింది! తల కొంచెం అటూ ఇటూ కదిపితే దగ్గరవి ఎక్కువ జరుగుతాయి, దూరంవి తక్కువ. నేను రోడ్డు దాటేది కూడా ఆ లెక్కతోనే. పైగా మీ రెండు కళ్లవాళ్లకి ఉన్న ఒక బాధ నాకు లేదు. బొమ్మ దగ్గరికొస్తే కళ్లు రెండూ ముక్కు వైపు తిరగాలి, ఫోకస్ మాత్రం అక్కడే మీటరు అవతల ఉండాలి, ఆ పీకులాటకే కదా మీకు కళ్లు లాగేది. రోలర్ కోస్టర్ వీడియోకి మాత్రం అందరిలాగే వాంతి అయింది, అందులో తేడా లేదు.

మైనస్ ఆరున్నర
టార్చిలైటు అన్నా, ఆ ఏర్పాటు లేదన్నావు సరే. అలాంటి యాప్ వేసుకుని ఇంట్లోనే చేసుకుంటే?

టార్చిలైటు
ఏ కంటికి ఎంత కాంట్రాస్ట్ తగ్గించాలో డాక్టరు తేల్చాల్సిన సంగతి. మెదడు ఒక కంటి బొమ్మని కావాలనే ఆపేసి ఉంటుంది. దాన్ని చూసేవాళ్లు లేకుండా కెలికితే రెండు బొమ్మలు కనిపించడం మొదలయ్యే ప్రమాదం ఉంది, పెద్ద వయసులో మరీ. సొంత వైద్యం వద్దు బాబూ.

సుద్దముక్క
ఆ హెడ్‌సెట్‌ని కిటికీ దగ్గర కూడా పెట్టకండి. లెన్సులోంచి ఎండ లోపలికి పడితే స్క్రీన్ కాలిపోతుంది, భూతద్దంతో కాగితం కాల్చినట్టే. కళ్ల కోసం అరసవల్లి సూర్యదేవుడి గుడికి వెళ్లి మొక్కే ఊళ్లో ఆ సూర్యుడి చేతే దాన్ని కాల్పించుకోవడం బాగోదు.

నాగావళి గట్టు
మొన్న విశాఖ వెళ్లి చూపించాం. దారి పొడుగునా మా ఆవిడా నేనూ మాట్లాడుకోలేదు. డాక్టరు గారు టార్చిలైటు గారి మాటే చెప్పారు: ప్యాచ్ ఆపొద్దు, ఆ హెడ్‌సెట్ వాడికి ఇప్పుడొద్దు. కుడి కన్ను ఒక వరుస మెరుగైందట. రోజూ సాయంత్రం బయట ఆడించమన్నారు. బావమరిదికి ఫోన్ చేసి చెప్తే "ఇంకో డాక్టరుని అడుగు" అన్నాడు.

పాత జోడు అటక మీద దొరికింది, స్పేసర్ బిగించాను, ఇప్పుడు నాకూ కాశీ కనిపిస్తోంది. ప్యాచ్ ఉన్న రెండు గంటలూ హెడ్‌సెట్ బీరువాలోంచి బయటికి రాకూడదని ఇంట్లో ఒప్పందం. నాయనమ్మకి కూడా వర్తిస్తుంది, ఆవిడకే కోపం వచ్చింది.

మైనస్ ఆరున్నర
పదేళ్లు వచ్చాక ఇస్తావా మరి?

నాగావళి గట్టు
బీరువా తాళం నా దగ్గర లేదు తమ్ముడూ.