బొగ్గుల గ్రిల్‌కి గాలి దారి ఎక్కడ పెట్టాలి?

పెరట్లో ఇటుకలతో బొగ్గుల గ్రిల్ కడుతున్నాను. మొదటిసారి మామూలు సిమెంటుతో కడితే వేడికి అతుకులన్నీ పగిలిపోయాయి. అందుకే ఈసారి లోపలి వరసకి వేడిని తట్టుకునే ఇటుక (ఫైర్ బ్రిక్), మట్టి (ఫైర్ క్లే) వాడాను. పైన 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ చువ్వలు. జింకు పూత ఇనుము చవకే కానీ వద్దనుకున్నా. జింకు 420 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, బాగా కాలితే వచ్చే పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

ఇబ్బందల్లా గాలితోనే. మూడు వైపులా గోడ, ముందు కింద ఒకటే రంధ్రం. ముందున్న బొగ్గులు భగభగ మండుతుంటే వెనకవి నివురుగప్పి పడుంటున్నాయి. వెనక గోడకీ రంధ్రం కొట్టాలా, లేక బొగ్గుల పళ్లేన్ని అడుగు నుంచి ఇంకా పైకి లేపితే సరిపోతుందా? గోడ ఒకసారి తొలిస్తే మళ్లీ పూడ్చడం కష్టం. కట్టిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.