అప్‌డేట్: నాన్నగారి రిటైర్మెంట్ సంగతి

ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో ఏళ్ల తరబడి పాస్టర్‌గా చేసిన మా నాన్నగారు, రిటైరయ్యాక ఇంట్లో కుదురుగా ఉండలేకపోతున్నారని, ఏం చేయాలో చెప్పమని అడిగాను కదా. "మిషన్ చరిత్ర రాయించండి" అన్న సలహా బాగా పనిచేసింది.

ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారితో మొదలుపెట్టారు నాన్న. అమెరికాలో సర్వే పని నేర్చిన మనిషి, 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు పట్టి కూలీలకు పని చూపించారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అందరూ ఆ అంకె దగ్గరే ఆగిపోతారు. నాన్న మాత్రం, అంతకుముందు కరువు పనులు సాగినన్నాళ్లూ క్లౌ దొరగారు బాప్తిస్మాలు ఆపేసిన సంగతి పట్టుకున్నారు. "కూటి కోసం కలిశారన్న మాట పడకూడదు గదరా" అంటారు.

తన డైరీలు కూడా దించారు. ఏ పల్లెలో ఎవరి పెళ్లి, ఎవరికి జ్వరం, అన్నీ ఉన్నాయి. మా పుట్టినరోజులు మాత్రం లేవు! అమ్మ ఆ పేజీలు తిప్పి, "అప్పుడు ఊళ్లోవాళ్లు, ఇప్పుడు కాగితాలు" అని విసుక్కుంది. ఆ కోపం న్యాయమైనదే. ఇప్పుడు మధ్యాహ్నాలు తనే పక్కన కూర్చుని తేదీలు సరిచేస్తోంది. నాన్న కిక్కురుమనడం లేదు.