ట్రెజర్ హంట్‌కి ప్రాసలో క్లూలు రాయడం ఎలా?

ప్రశ్న: ఈ చలికాలం మా కాలనీ వాళ్లందరికీ ట్రెజర్ హంట్ పెడుతున్నాం, క్లూలన్నీ ప్రాసలోనే ఉండాలట. మరీ తేలికైతే చిటికెలో అయిపోతుంది, కష్టమైతే పిల్లలు మధ్యలోనే ఇంటికి పోతారు. ఎలా రాయాలండీ?

జవాబు: ముందు దాచే చోటు ఖాయం చేసుకుని ఆ తర్వాతే ప్రాస కట్టండి. బెంచీకైతే ఇలా: "కాళ్లు నాలుగున్నా కదల్లేను, ఎవరొచ్చి కూర్చున్నా వద్దనలేను."

మరొకరు: ప్రాస సరే, మంచు సంగతో? ఇంకుతో రాస్తే తెల్లారేసరికి అక్షరాలు కారిపోతాయి, పెన్సిల్‌తో రాసి జిప్ కవర్లో పెట్టండి. పొద్దు తొందరగా గూకుతుంది కాబట్టి మధ్యాహ్నమే మొదలెట్టాలి.

ఇంకొకరు: జట్లన్నిటికీ ఒకే వరస ఇస్తే ముందువాళ్ల వెనకాలే మిగతావాళ్లు పరిగెడతారు (ఎప్పుడూ ఇదే గోల). జట్టుకో వరస ఇచ్చి, చివరి క్లూ మాత్రం అందరికీ ఒకటే పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: బెంచీ క్లూ కొట్టేస్తున్నానండోయ్!