క్యాస్టర్ అంటే ప్రతిచోటా ఆముదమేనా?

గ్రూపులో పెద్దలకి ఒక ప్రశ్న. కెనడాలో బీవర్ (నీళ్ళ దగ్గర ఉండే పెద్ద ఎలుకజాతి జంతువు) వేటగాళ్ళ మీద ఒక డాక్యుమెంటరీకి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నా, అందులో బీవర్ "క్యాస్టర్ గ్లాండ్స్" గురించిన ఇంగ్లీషు వాక్యాన్ని ముందు అనువాదం మెషీన్‌లో వేసి చూస్తే "ఆముదం గ్రంథులను ఎండబెట్టి అమ్మకానికి నిల్వ చేస్తారు" అని వచ్చింది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటే ఇదేనేమో 😄

గ్రీకులో బీవర్ పేరే కాస్టోర్. దానికి తోక మొదట్లో, చర్మం కింద, రెండు సంచులుంటాయి, వాటిలో ఊరే ఘాటు వాసన సరుకుని ఒడ్డున మట్టిగుట్టల మీద వదిలి ఇది నా జాగా అని చాటుకుంటుంది. సెంట్లలోనూ వేట ఎరల్లోనూ వాడతారు. ఆముదానికి ఇంగ్లీషులో క్యాస్టర్ అనే పేరు 18వ శతాబ్దంలో వచ్చింది, మందుగా వాడే ఈ బీవర్ సరుకుకి బదులు వాడారు కాబట్టి అని కొందరు, ఇంకో మొక్క పేరుతో పొరబడ్డారని కొందరు. ఎలా వచ్చినా మన ఆముదానికి దీంతో చుట్టరికం లేదు.

నా గొడవ రెండు మాటలతో. ఒకటి "గ్రంథి". శరీరశాస్త్రం ప్రకారం అవి అసలు గ్రంథులే కావు, ఉత్త సంచులు, పక్కనే ఉండే నూనె గ్రంథులు మాత్రం అసలైన గ్రంథులు. వేటగాళ్ళు రెండింటినీ విడదీసి వేరువేరుగా పెడతారు కాబట్టి రెంటికీ ఒకే మాట వాడితే చూసేవాళ్ళకి ఏది ఏదో తెలీదు. తిత్తి అంటే ఎలా ఉంటుంది? కొలిమితిత్తి, తోలుతిత్తి ఉన్నాయిగా.

రెండోది "ఎండబెట్టడం". వాళ్ళు ఎండలో పెట్టరండీ! కత్తి గాటు పడితే లోపలిది కారిపోతుందని జాగ్రత్తగా, జత విడిపోకుండా తీసి, అంటుకున్న కొవ్వూ మాంసం ఒలిచేసి, దండెం మీద పంచె వేసినట్టు తీగ మీద అటొకటి ఇటొకటి వేలాడేసి గాలాడే చల్లటి చోట వారాల తరబడి వదిలేస్తారు, ముదురు గోధుమరంగుకి తిరిగి ముడతలు పడి గట్టిపడేదాకా. పచ్చిగా ఉండగానే ప్లాస్టిక్ కవర్లో మూట కడితే బూజు పడుతుంది. అమ్మేది తూకానికి, ఒంటారియోలో నార్త్ బే బొచ్చు వేలంలో ఇదీ అమ్ముతారు. మరి దీన్ని "ఆరబెట్టడం" అనాలి కదా?

— కస్తూరి తిత్తి అంటే సరిపోదా? వినడానికి బావుంది కూడా.

— అన్నా, మాట కొత్తగ పుట్టియ్యాల్నా, హైదరాబాద్ల యునానీ హకీములని అడుగుండ్రి. వాళ్ళు "జుంద్ బేదస్తర్" అంటరు, ఇదే సరుకు. ఫారసీల బేదస్తర్ అంటే బీవర్, గుంద్ అంటే వృషణం, అరబ్బీలకు పోయి జుంద్ అయింది.

— ఆహా, ఇది తెలీదు నాకు, థాంక్స్ అండీ. అంటే పేరులోనే తప్పుందన్నమాట. వేటగాడు తరుముతుంటే బీవర్ వాటిని కొరికి పారేసి ప్రాణం కాపాడుకుంటుందని ఈసపు కథల్లో కూడా ఉంది, కానీ ఆ తిత్తులు ఆడదానికీ ఉంటాయి, ఇక వృషణాలెలా అవుతాయి! యునానీ పేరు మందుకి అలాగే ఉండనిద్దాం, సబ్‌టైటిల్‌లో వేస్తే ఎవరికీ అర్థం కాదు.

కస్తూరి మాత్రం వద్దండీ. అది మగ కస్తూరిమృగం బొడ్డు దగ్గర దొరికేది, తిరుమల స్వామికి పూసే పునుగేమో పునుగుపిల్లిది, ఇది మూడో జంతువు. మూడింటికీ ఒకే పేరు పెడితే మెషీన్‌కీ మనకీ తేడా ఏముంది.

— తిత్తికే నా ఓటు. మా నాయనమ్మ ఒడియాలు ఎండబెట్టేది, తడి బట్టలు ఆరబెట్టేది, ఒక్కసారి కూడా తారుమారు చేసి అనలేదు.

— అయితే "బీవర్ తిత్తుల్ని నీడన ఆరబెడతారు" అని వేసేస్తున్నా. లైనులో పట్టింది కూడా.