అప్‌డేట్: గిన్నెల అడుగున ఎస్ ఆకారపు పగుళ్లు ఆగాయి

కుమ్మరి సారె మీద చేసిన మట్టి గిన్నెల అడుగున ఎస్ అక్షరంలా పగుళ్లు వస్తున్నాయి, తప్పు కిల్న్‌దేనా (పాత్రలు కాల్చే బట్టీదేనా) అని పోయిన నెల మిమ్మల్ని అడిగాను. కిల్న్‌ది కాదు, నా చేతులదే.

అనుమానానికి కారణం ఉంది. 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఉన్నట్టుండి పరిమాణం మారుతుంది. ఆ దశలో తొందరగా చల్లారిస్తే పాత్ర పగలొచ్చు. కానీ నా గిన్నెల్లో గీత కాల్చకముందే, ఆరేటప్పుడే పడుతోంది. భూతద్దం పెట్టి చూశాక తెలిసింది.

గోడలు లేపేటప్పుడు అక్కడి మట్టి వేళ్ల మధ్య బిగుస్తుంది, అడుగు మాత్రం వదులుగా మిగిలిపోతుంది. పైగా అంచు ముందే ఆరిపోతుంది, తడి అడుగు తర్వాత కుంచించుకుంటూ పగులుతుంది. అందుకే మీరు చెప్పినట్టు అడుగుని మధ్య నుంచి బయటికి, మళ్లీ లోపలికి, చెక్క రిబ్‌తో (మట్టిని నొక్కి నునుపు చేసే పలక) గట్టిగా నొక్కుతున్నాను. నిలిచిన నీళ్లు స్పాంజితో తీసేస్తున్నాను. అంచు కాస్త గట్టిపడగానే బోర్లించి, పైన పాలిథిన్ వదులుగా కప్పుతున్నాను. అన్నిటికన్నా పనికొచ్చింది ఆ నొక్కడమే అనిపిస్తోంది.

ఈసారి 12 గిన్నెల్లో పగిలింది ఒక్కటే, బోర్లించడం మరిచిపోయినది. మిగతా వాటి అడుగుల్ని వేలితో ఎన్నిసార్లు తడిమి చూసుకున్నానో! సాయం చేసిన అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. రేపు గ్లేజ్ (కాల్చాక గాజులా మెరిసే పూత) పూస్తాను.